కింగ్స్ క్రాస్ ఎలా మారింది: మార్గదర్శక ప్రణాళికపై తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్ చదువుకు వెళ్ళిన పిల్లలు కింగ్స్ క్రాస్‌లోని గ్రానరీ స్క్వేర్ ఫౌంటెన్ల ముందు ఫొటో దిగి పంపుతారు. పాడుబడ్డ రైల్వే సరుకు యార్డు నుంచి మారిన పేట అది. ఇక్కడ ప్లానింగ్ చదివేవాళ్ళు అదే ఫొటో చూపించి, "మన పాతపేటను ఇలా ఎందుకు చేయలేం?" అని నిలదీస్తారు. అక్కడ కట్టేముందే మార్గదర్శక ప్రణాళిక రాసుకున్నారని జవాబు చెప్పగానే వచ్చే అనుమానాలు మాత్రం ప్రతి ఏడూ అవే. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా ఒకచోట పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉన్నాయి. మీకు అక్కరైన దాని దగ్గరే మొదలుపెట్టండి.

## మొదలుకాక ముందు

మార్గదర్శక ప్రణాళిక అంటే మాస్టర్ ప్లానే కదా? కొత్త పేరెందుకు?

కాదు. మాస్టర్ ప్లాన్ ఊరంతటికీ. ఇక్కడ ఇళ్ళు, అక్కడ పరిశ్రమ, ఇంత వెడల్పు రోడ్డు అని రంగులు పూసి చెబుతుంది. మార్గదర్శక ప్రణాళిక ఒక్క పేటకు. ఆ పేట ఎలా మారాలి, ఏది చెక్కుచెదరకూడదు, ఏ విషయంలో బేరానికి చోటుంది అన్నది చెబుతుంది. ఇంగ్లండులో దీని అవసరం ఎక్కువ, ఎందుకంటే అక్కడ అనుమతి ఇచ్చే తీరే వేరు. మన దగ్గర రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు సరిపోతే పర్మిషన్ రావాల్సిందే. హైదరాబాద్‌లో భవన నిర్మాణ నియమాలు చెప్పే 2012 నాటి జీవో 168 అంతా ఆ లెక్కే. ఇంగ్లండులో ఏ దరఖాస్తుకు ఆ దరఖాస్తు తూచి చూస్తారు. స్థానిక ప్రణాళికకు చట్టబలం ఉంటుంది, మార్గదర్శక పత్రానికి అంత ఉండదు. కానీ నిర్ణయం తీసుకునేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. పెద్దమనిషి మాట లాంటిదనుకోండి. చట్టం కాదు, అలాగని పెడచెవిన పెడితే కారణం చెప్పుకోవాలి.

కింగ్స్ క్రాస్ అంటే రైల్వే స్టేషనే కదా? అక్కడ బాగుచేయడానికి ఏముంది?

స్టేషన్ కాదు, దాని వెనకున్న భూమి. 1852లో కింగ్స్ క్రాస్, 1868లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్లు పక్కపక్కనే వచ్చాయి. వాటి వెనక, రీజెంట్స్ కాలువకు అటూ ఇటూ, లండన్‌కు అన్నం పెట్టి పొయ్యి వెలిగించిన సరుకంతా దిగేది. లింకన్‌షైర్ గోధుమలు గ్రానరీ గోదాములోకి, ఉత్తరాది బొగ్గు కోల్ డ్రాప్స్ షెడ్లలోకి చేరేవి. గ్యాస్ నిలవచేసే పెద్ద ఇనప చట్రాలు వీటికి పక్కనే. ఇరవయ్యో శతాబ్దంలో సరుకు లారీల మీదికి మారాక ఆ చోటు పాడుబడింది. 1980ల నాటికి ఖాళీ షెడ్లు, నైట్‌క్లబ్బులు, మత్తుమందులు, పడుపువృత్తి అన్న పేరు మిగిలింది. తర్వాత అభివృద్ధికి తీసుకున్న ముక్క 67 ఎకరాలు. ఎక్కువ భాగం క్యామ్డెన్ కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ అనుకోండి) హద్దులో ఉంది, ఒక చిన్న త్రిభుజం మాత్రం పక్క కౌన్సిల్ ఇస్లింగ్టన్‌లో పడింది.

1980ల్లోనే ఒక పెద్ద ప్లాన్ వేశారట కదా, అదేమైంది?

వేశారు. ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ గీసిన ప్లాన్ అది. నడిమధ్యన పార్కు, చుట్టూ ఆఫీసులు, కింద, ఫ్రాన్స్ నుంచి సముద్రం అడుగున సొరంగంలో వచ్చే ఛానల్ టన్నెల్ రైళ్ళకు భూగర్భ స్టేషన్. ఆఫీసుల మార్కెట్ మంచి ఊపుమీదున్నప్పుడు గీసిన బొమ్మ అది. 1990ల మొదట్లో మార్కెట్ కూలింది, రైలు మార్గం నిర్ణయం ఊగిసలాడింది, ప్లాన్ అటకెక్కింది. చుట్టుపక్కల జనం కూడా మొదటి నుంచీ ఎదురు తిరిగారు. రైల్వే భూముల కోసం ఏర్పడ్డ స్థానిక సంఘం ప్రత్యామ్నాయ ప్లాన్లు తయారుచేసి మరీ కొట్లాడింది. తర్వాత వచ్చినవాళ్ళు దీన్నుంచి నేర్చుకున్నది ఒక్కటే. ప్రతి భవనాన్నీ ముందే గీసేసి మార్కెట్ దానికోసం ఆగుతుందనుకోకూడదు. 1996లో ఛానల్ టన్నెల్ రైలు సెయింట్ పాంక్రాస్‌కే రావాలని చట్టం తేల్చాక అసలు కథ మొదలైంది.

భూమి ఎవరిది? ఎంతమంది యజమానుల్ని ఒప్పించారు?

ఇద్దరిని. అందరూ దాటేసేదీ, అసలు రహస్యమంతా ఉన్నదీ ఇక్కడే. ఛానల్ టన్నెల్ రైలు మార్గం కట్టిన లండన్ అండ్ కాంటినెంటల్ రైల్వేస్ ఒకరు, ఎక్సెల్ అనే సరుకు రవాణా కంపెనీ ఇంకొకరు. ఎక్సెల్ తర్వాత డీహెచ్‌ఎల్‌లో కలిసింది. వాళ్ళిద్దరూ 2000లో ఆర్జెంట్ అనే డెవలపర్‌ను ఎంచుకున్నారు. 2008లో ముగ్గురూ కలిసి భాగస్వామ్య సంస్థగా ఏర్పడ్డారు: ఆర్జెంట్‌కు సగం, రైల్వే కంపెనీకి 36.5 శాతం, డీహెచ్‌ఎల్‌కు 13.5 శాతం. భూమి అమ్మేసి చేతులు దులుపుకోలేదు కాబట్టి పేట విలువ పెరిగేదాకా ఆగడం అందరికీ లాభమే. ఆర్జెంట్ వెనక ఉన్నది బ్రిటిష్ టెలికాం పెన్షన్ నిధి. పెన్షన్ డబ్బుకు తొందర ఉండదు. మన దగ్గర ఇలాంటి ఓపిక ఉన్న డబ్బు దొరకడం ఎంత కష్టమో బిల్డర్లను అడిగితే చెబుతారు.

## పత్రం రాసే దశ

డెవలపరే సూత్రాలు రాసుకున్నాడట! దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు కాదా?

ఆ అనుమానం రావాల్సిందే. 2001లో ఆర్జెంట్ ఒక చిన్న పుస్తకం అచ్చేసి అందరికీ పంచింది. మనుషుల కోసం నగరం ఎలా ఉండాలో పది సూత్రాలు చెప్పిన పుస్తకం. అందులో భవనాల బొమ్మలు లేవు. వీధుల అల్లిక గట్టిగా ఉండాలి, చుట్టుపక్కల పేటలతో కలవాలి, ఎప్పటికప్పుడు మారడానికి వీలుండాలి, ఇలాంటివే. తర్వాత స్థలానికున్న హద్దులు, అడ్డంకుల మీద ఒకటి, 2002లో ప్రాథమిక చట్రం మీద ఒకటి వచ్చాయి. తాళాలు మాత్రం ఇవ్వలేదు. ఆ పత్రాలకు చట్టపరంగా ఏ బలమూ లేదు, కౌన్సిల్ తన పత్రం తాను వేరుగా రాసుకుంది. కానీ డెవలపర్ అచ్చేసి పంచిన మాట ఆయన మెడకే చుట్టుకుంటుంది. తర్వాత ఏ సమావేశంలోనైనా "మీరే రాశారు కదా" అని పేజీ తిప్పి చూపించొచ్చు. నా దృష్టిలో ఇది కౌన్సిల్‌కు ఊరికే దొరికిన ఆయుధం.

కౌన్సిల్ రాసిన బ్రీఫ్‌లో ఏముంది? ఎన్ని అంతస్తులో రాశారా?

అంతస్తుల పట్టిక కోసం వెతికితే నిరాశే. క్యామ్డెన్, ఇస్లింగ్టన్ కౌన్సిళ్ళు కలిసి తయారుచేసిన ఉమ్మడి ప్లానింగ్ బ్రీఫ్, అంటే మనం చెప్పుకుంటున్న మార్గదర్శక పత్రం, 2004 మొదట్లో అమల్లోకి వచ్చింది. ఇళ్ళు, ఆఫీసులు, దుకాణాలు, చదువు, వినోదం కలగలిసి ఉండాలి. తక్కువ ఆదాయం వాళ్ళకు ఇళ్ళు ఉండాలి. పాత కట్టడాలు, కాలువ ఈ చోటుకు ప్రాణం కావాలి. తూర్పున కాలిడోనియన్ రోడ్, పడమర సోమర్స్ టౌన్ నుంచి జనం నడిచి రాగలగాలి. చుట్టుపక్కల వాళ్ళకు ఉద్యోగాలు దొరకాలి. సారం ఇది. అదే ఏడు ఫిబ్రవరిలో మేయర్ కెన్ లివింగ్‌స్టన్ తొలి లండన్ ప్లాన్ వచ్చింది. అందులో ఈ చోటును జనసాంద్రత పెంచాల్సిన అవకాశ ప్రాంతంగా గుర్తించారు. అంటే రెండు అంచెల వాళ్ళు రెండు కోణాల నుంచి ఒకే చోటు గురించి రాశారు. పైవాళ్ళు ఎంత కట్టాలో చూశారు, కింద ఉన్నవాళ్ళు ఎలా కట్టాలో చూశారు.

జనాన్ని నిజంగా అడిగారా, లేక నోటీసు అంటించి వదిలేశారా?

అడిగారు. ఏళ్ళ తరబడి. బడులు, మసీదులు, అద్దెదారుల సంఘాలు, యువజన క్లబ్బులు, ఎక్కడికి పిలిచినా కౌన్సిల్ వాళ్ళూ వెళ్ళారు, డెవలపర్ మనుషులూ వెళ్ళారు. ఆర్జెంట్ అధిపతి రోజర్ మాడెలిన్ సైకిలు మీద సమావేశాలకు తిరగడం అప్పట్లో పెద్ద కబురు. జనం ఏమన్నారో 2003లో అచ్చేశారు కూడా. అయినా విన్న ప్రతిదీ చేయలేదు. స్థానిక సంఘం ఇంకా ఎక్కువ ఇళ్ళు, తక్కువ ఆఫీసులు కోరింది. ఆఫీసులే ఎక్కువ వచ్చాయి. కాబట్టి "అడిగారా" అన్నదానికి జవాబు అవును. "ఒప్పుకున్నారా" అన్నది వేరే ప్రశ్న. ఈ రెండిటినీ కలిపేసి, సంప్రదింపులు జరిగాయి కనుక అందరూ సంతోషించారని రాసే నివేదికలు నమ్మకండి.

లండన్ నడిబొడ్డున, రెండు పెద్ద స్టేషన్ల పక్కన ఆకాశహర్మ్యాలు ఎందుకు కట్టలేదు?

సెయింట్ పాల్ చర్చి గుమ్మటం వల్ల. ఉత్తరాన పార్లమెంట్ హిల్, కెన్‌వుడ్ గుట్టల మీద నిలబడితే ఆ గుమ్మటం కనబడుతుంది. ఆ చూపు దారికి రక్షణ ఉంది, దానికి అడ్డంగా ఏదీ లేవకూడదు. ఆ గీతలు సరిగ్గా ఈ భూమి మీదుగా వెళతాయి. అందుకే భవనాలు మధ్యస్థ ఎత్తులో, దగ్గరదగ్గరగా, వీధిని ఒరుసుకుని ఉన్నాయి. ఈ అడ్డే మేలు చేసిందని నాకనిపిస్తుంది. టవర్లు కట్టే వీలుంటే చుట్టూ ఖాళీ వదిలి మధ్యలో నాలుగు స్తంభాలు నిలబెట్టేవాళ్ళు, వీధి అన్నది పుట్టేదే కాదు. చార్మినార్ కనబడే దారుల్ని మనం ఇలా గీత గీసి కాపాడుకుని ఉంటే ఎలా ఉండేదోనని అప్పుడప్పుడు అనుకుంటాను.

పాత కట్టడాలన్నీ నిలబెట్టారా?

అన్నీ కాదు. గ్రానరీలో కళాశాల, కోల్ డ్రాప్స్‌లో దుకాణాలు, 1865 నాటి జర్మన్ వ్యాయామశాలలో రెస్టారెంట్ వచ్చాయి. గ్యాస్ చట్రాలది తమాషా కథ. రైలు మార్గానికి అడ్డొచ్చాయని వాటిని ముక్కముక్కగా విప్పి, యార్క్‌షైర్‌లో బాగుచేయించి, కాలువకు అవతల మళ్ళీ నిలబెట్టారు. ఒకదానిలో చిన్న పార్కు, ఒకదాన్నొకటి పెనవేసుకున్న మూడింటిలో ఫ్లాట్లు వచ్చాయి. కానీ కల్రాస్ బిల్డింగ్స్ అనే రైల్వే కార్మికుల పాత ఇళ్ళను మాత్రం 2008లో కూల్చేశారు. స్టాన్లీ బిల్డింగ్స్‌లో ఒకటి పోయింది, ఒకటి కొత్త ఆఫీసు ఒడిలో ఇరుక్కుని మిగిలింది. గోదాములు గెలిచాయి, కూలీల ఇళ్ళు ఓడాయి. పరిరక్షణ అన్నప్పుడు ఎవరి జ్ఞాపకం మిగిలిందన్నది కూడా చూడాలి.

## అనుమతి దశ

అవుట్‌లైన్ పర్మిషన్ అంటే ఏమిటి? ప్లాన్ గీయకుండా పర్మిషన్ ఎలా ఇస్తారు?

మొత్తం ఎంత కట్టొచ్చు, ఏ భాగంలో ఎంత ఎత్తు, వీధులు, కూడళ్ళు ఎక్కడ, ఏ వాడకానికి గరిష్ఠంగా ఎన్ని చదరపు మీటర్లు, ఇవి తేల్చి ఇచ్చే అనుమతి ఇది. ఒక్కో భవనం ముఖం ఎలా ఉంటుందన్నది తర్వాత విడిగా తెచ్చి చూపించి ఒప్పించాలి. కింగ్స్ క్రాస్‌లో అనుమతి పొందిన మొత్తం సుమారు 7.4 లక్షల చదరపు మీటర్లు. దానికి కొలతల పటాలు, డిజైన్ నియమాలు జతచేశారు. వీధుల అల్లికను గట్టిగా పట్టుకున్నారు, భవనం లోపలి వాడకాన్ని కొంత వదులుగా ఉంచారు. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు ముందే పెట్టేస్తాం, గీత మెలిక మాత్రం చేతి వాటం మీద వస్తుంది. ఇదీ అంతే. మన లేఅవుట్ అనుమతికి కొంత దగ్గర, కాకపోతే మనం చుక్కల దగ్గరే ఆగిపోతాం.

దరఖాస్తు నుంచి పర్మిషన్‌కు ఎంతకాలం పట్టింది?

రెండున్నరేళ్ళు. 2004 మేలో దరఖాస్తు, 2005 సెప్టెంబరులో సవరించిన దరఖాస్తు, 2006 మార్చిలో రెండు రోజులు కూర్చుని క్యామ్డెన్ కమిటీ ఆమోదం, ఆ ఏడు డిసెంబరులో అనుమతి పత్రం. డెవలపర్‌ను ఎంచుకున్నప్పటి నుంచి లెక్కేస్తే ఆరేళ్ళు. ఇస్లింగ్టన్ వైపు త్రిభుజానికి మాత్రం అక్కడి కౌన్సిల్ ఒప్పుకోలేదు. అప్పీలులో 2008లో అనుమతి వచ్చింది.

సెక్షన్ 106 అంటే మన ఇంపాక్ట్ ఫీజు లాంటిదేనా?

కొంత పోలిక ఉంది, అంతకంటే తేడా ఎక్కువ. ఇంపాక్ట్ ఫీజు రేటు ప్రకారం కట్టే డబ్బు. ఖజానాలోకి వెళుతుంది, ఏ వీధిలో ఖర్చవుతుందో కట్టినవాడికి తెలియదు. 1990 నాటి ప్లానింగ్ చట్టంలోని 106వ సెక్షన్ కింద కుదిరేది కౌన్సిల్‌కూ డెవలపర్‌కూ మధ్య ఒప్పందం. భూమిని ఎవరు కొన్నా ఆ ఒప్పందం భూమితోపాటే వస్తుంది. అందులో డబ్బు ఉండొచ్చు, పని ఉండొచ్చు. కింగ్స్ క్రాస్ ఒప్పందంలో తక్కువ అద్దె ఇళ్ళు, బడి, వైద్యం, ఆటల వసతి, నిర్మాణ పనుల్లో స్థానిక యువతకు శిక్షణ కేంద్రం ఉన్నాయి. వాటిలో ఎన్నో పనులు ఎప్పటిలోగా పూర్తికావాలన్నది మైలురాళ్ళతో ముడిపెట్టారు. ఇన్ని ఇళ్ళు అమ్మేలోపు ఇది కట్టాలి అన్నట్టు. ఆ ముడి లేకపోతే "ఆఖరి దశలో చేస్తాం" అంటారు. ఆఖరి దశ ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పేదలకు ఇళ్ళు ఎన్ని అన్నారు, ఎన్ని ఇచ్చారు?

ఒప్పందంలో రాసింది 750. అప్పటి లండన్ ప్లాన్ లక్ష్యం కొత్త ఇళ్ళలో 50 శాతం సరసమైన ధరకు ఉండాలని. ఈ పేట ఆ మాటకు చేరలేదు. స్టేషన్లు, పాత కట్టడాలు, రోడ్లు, వంతెనల ఖర్చు చూపించి అంతకంటే కుదరదన్నారు. 2015లో ఆ 750లోంచి కూడా వందకు పైగా కోతపడింది. ఒప్పందంలోనే సవరణకు తలుపు తెరిచి ఉంది కాబట్టి అది చట్టవిరుద్ధం కాదు. కానీ అప్పటికి గూగుల్ స్థలం కొనేసింది, భూమి విలువ ఆకాశాన్నంటింది, అప్పుడు కోతేమిటని స్థానికులు మండిపడ్డారు. నేనూ వాళ్ళ పక్షమే. లాభం పెరిగితే వాటా పెరగాలని రాసుకోకుండా, లాభం తగ్గితే బాధ్యత తగ్గాలని మాత్రం రాసుకునే ఒప్పందాలు ఒంటికన్నువి. ఇంకో సంగతి. "సరసమైన ఇల్లు" అన్న లెక్కలో కౌన్సిల్ అద్దె ఇల్లూ ఉంటుంది, సగం వాటా కొనుక్కునే ఇల్లూ ఉంటుంది. కూలి చేసుకునేవాడికి పనికొచ్చేది మొదటిదే. కాబట్టి మొత్తం అంకె కాక, విడి అంకెలు అడగాలి.

కోర్టుకు ఎక్కారట కదా, ఎవరు గెలిచారు?

కౌన్సిల్. 2006 మార్చిలో ఆమోదం అయ్యాక మేలో స్థానిక ఎన్నికలు వచ్చి కౌన్సిల్ మారింది. కొత్త కమిటీ ముందుకు విషయం మళ్ళీ వచ్చింది. పాత నిర్ణయాన్ని తిరగదోడటానికి తమకు ఎంతవరకు స్వేచ్ఛ ఉందో సభ్యులకు సరిగా చెప్పలేదని రైల్వే భూముల సంఘం వ్యాజ్యం వేసింది. 2007లో హైకోర్టు కొట్టేసింది. జాగ్రత్తగా చూడండి, కోర్టు "ఇది మంచి ప్లాన్" అనలేదు. నిర్ణయం తీసుకున్న పద్ధతి చట్టప్రకారం ఉందా అన్నది మాత్రమే చూసింది.

## కట్టే దశ

2008లో మార్కెట్ కూలిపోయింది కదా, పని ఎలా ఆగలేదు?

కూలే సమయానికే పనులు మొదలయ్యాయి కూడా. నిలబెట్టినవి మూడు. సెయింట్ పాంక్రాస్ అంతర్జాతీయ స్టేషన్ 2007 నవంబరులో తెరుచుకుంది, 2012 ఒలింపిక్స్‌కు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్ళే వేగపు రైళ్ళు అక్కడి నుంచే. అంటే ప్రభుత్వ డబ్బు అప్పటికే భూమిలో దిగింది. రెండోది, అపార్ట్‌మెంట్ల కంటే ముందు కళాశాలను తెచ్చారు. సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళల కళాశాల 2011లో గ్రానరీలోకి మారింది. వేల మంది విద్యార్థులు రోజూ వచ్చిపోయే చోటు పాడుబడ్డ చోటుగా ఎన్నాళ్ళుంటుంది? మూడోది, క్యామ్డెన్ కౌన్సిల్ తానే అక్కడికి ఆఫీసు మార్చుకుంది. పాంక్రాస్ స్క్వేర్‌లో కౌన్సిల్ ఆఫీసు, గ్రంథాలయం, ఈతకొలను ఒకే భవనంలో 2014లో తెరిచారు. రాసిన ప్లాన్ మీద రాసినవాళ్ళే డబ్బు పెడితే మిగతావాళ్ళకు ధైర్యం వస్తుంది.

ఇరవై ఏళ్ళ పని అంటున్నారు, అప్పటిదాకా ఖాళీ స్థలాల్లో ఏం చేశారు?

తోట వేశారు. చెత్త ఎత్తిపోసే ఇనప తొట్లలో మట్టి నింపి, కూరగాయలు వేసి, చుట్టుపక్కల పిల్లలకు అప్పగించారు. స్కిప్ గార్డెన్ అనేవారు. ఆ స్థలంలో పునాది తవ్వే రోజు వస్తే తొట్లను క్రేనుతో ఎత్తి ఇంకో ఖాళీ స్థలంలో పెట్టేవారు. 2012లో తెరిచిన గ్రానరీ స్క్వేర్ కూడా ఒకరకంగా ఇదే పని చేసింది. చుట్టూ క్రేన్లు తిరుగుతుండగానే వెయ్యికి పైగా నీటి చిమ్ములతో కూడలి తెరిచేశారు. వేసవిలో సోమర్స్ టౌన్ పిల్లలు తువ్వాళ్ళు తెచ్చుకుని మరీ తడవడం మొదలుపెట్టారు. ఇళ్ళకంటే ముందు కూడలి కట్టడం మన బిల్డర్లకు పిచ్చిపనిలా కనబడుతుంది.

గూగుల్ వస్తుందని ప్లాన్‌లో ముందే ఉందా?

లేదు, ఉండే అవకాశమూ లేదు. 2004లో గూగుల్ లండన్‌లో అంత పెద్ద కంపెనీ కాదు. కొన్ని స్థలాల్లో ఆఫీసులకు చోటుంది అన్నంతవరకే రాశారు. 2013లో గూగుల్ 2.4 ఎకరాలు కొంది, మొదటి డిజైన్ వద్దనుకుని కొత్తది గీయించుకుంది, 2017లో అనుమతి వచ్చింది. స్టేషన్ ప్లాట్‌ఫారాల పక్కన 330 మీటర్ల పొడవున పడుకున్న భవనం అది. నిలబెడితే లండన్‌లో అన్నిటికంటే ఎత్తైనదవుతుంది, పడుకుంది కాబట్టి గుమ్మటానికి అడ్డు రాలేదు. వదులుగా రాసిన చోటు ఇలా కలిసొచ్చింది. కానీ ఒకే పెద్ద కంపెనీ ఒక వీధి పొడవునా పరుచుకోవడం, కలగలుపు పేట కావాలన్న మొదటి మాటకు కొంత దూరమే.

## కట్టిన తర్వాత

అక్కడి రోడ్లు, పార్కులు ఎవరివి? ఎవరైనా వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. గేట్లు లేవు. కానీ చాలా వీధులు, కూడళ్ళు కౌన్సిల్‌వి కావు, భూమి యజమానులవి. ఊడ్చేదీ, కాపలా కాసేదీ, ఇక్కడ సభ పెట్టుకోవచ్చా లేదా అని చెప్పేదీ వాళ్ళే. 2019లో అక్కడి కెమెరాల్లో ముఖాలు గుర్తుపట్టే సాంకేతికత వాడారని బయటపడి పెద్ద గొడవైంది. దాన్ని ఆపేశామని, మళ్ళీ తెచ్చే ఉద్దేశం లేదని యాజమాన్యం ప్రకటించాల్సి వచ్చింది. వీధి వెడల్పు ఎంతో రాసిన పత్రం, ఆ వీధిలో నడిచేవాడి హక్కులేమిటో అంత గట్టిగా రాయలేదు. గేటెడ్ కమ్యూనిటీల లోపలి రోడ్ల గురించి కొట్లాడుకునే మనకు ఇది కొత్తగా అనిపించకూడదు.

పాత జనం ఏమయ్యారు? అందరినీ తరిమేశారా?

ఆ 67 ఎకరాల్లో నివాసం ఉన్నవాళ్ళు చాలా తక్కువ. రైల్వే యార్డు కాబట్టి కూల్చి తరిమేయాల్సిన బస్తీ అక్కడ లేదు. చుట్టూ ఉన్న కౌన్సిల్ ఇళ్ళవాళ్ళు చాలావరకు అక్కడే ఉన్నారు, వాళ్ళ అద్దెకు రక్షణ ఉంది. పోయినవి చవక అద్దె మీద బతికే వ్యాపారాలు, వర్క్‌షాపులు, కోల్ డ్రాప్స్‌లోని నైట్‌క్లబ్బులు. సోమర్స్ టౌన్‌లో ఉండే తల్లి తన కొడుకు కొత్త ఈతకొలనుకు వెళుతున్నాడంటుంది. అదే నోటితో ఆ వీధిలో కాఫీ కొనలేనంటుంది. రెండూ నిజమే.

## మన దగ్గర

విజయవాడ వన్‌టౌన్‌కో, హైదరాబాద్ పాతబస్తీకో ఇదే పద్ధతి పెట్టొచ్చా?

ఉన్నదున్నట్టు పెడితే ప్రమాదం. ఇద్దరు యజమానులున్న ఖాళీ యార్డు అది. పాతబస్తీలో ఒక్క గల్లీలోనే వంద మంది యజమానులు, వాళ్ళ కింద అద్దెదారులు, అరుగు మీద దుకాణం, వక్ఫ్ స్థలం, పంపకాలు తేలని వారసత్వాలు. మనకు దగ్గరి ఉదాహరణ ముంబయి భెండీ బజార్. 16.5 ఎకరాలు, సుమారు 250 శిథిల భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. బోహ్రా సమాజపు ట్రస్టు 2009లో మొదలుపెడితే, ఒకే సమాజం, ఒకే గురువు మాట ఉన్నా కూడా మొదటి టవర్లు పూర్తవడానికి పదేళ్ళు పట్టింది. కింగ్స్ క్రాస్ నుంచి తెచ్చుకోవాల్సింది ఫౌంటెన్లు కాదు. ఏవి మార్చకూడదో ముందే కాగితం మీద పెట్టే అలవాటు తెచ్చుకోవాలి.

అమరావతిలో చేసినట్టు ల్యాండ్ పూలింగ్ చేస్తే సరిపోదా?

పొలానికీ పేటకూ తేడా ఉంది. అమరావతిలో 29 గ్రామాల నుంచి 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చిన రైతులకు బదులుగా ప్లాట్లు రాశారు. ఎకరం కొలవొచ్చు, వాటా లెక్కేయొచ్చు. పాతపేటలో కింద షాపు ఒకరిది, మేడ ఇంకొకరిది, మెట్ల కింద ముప్ఫై ఏళ్ళుగా కుట్టుమిషను పెట్టుకున్న మనిషికి కాగితమే లేదు. ఆ మనిషి వాటా ఎంతో ఏ పూలింగ్ నియమం చెబుతుంది? పైగా పని జరిగినంతకాలం వీళ్ళు ఎక్కడుండాలి, బేరం ఎక్కడ చేసుకోవాలి అన్నది పొలంలో రాని ప్రశ్న.

మరి మన ఊళ్ళలో ఈ పద్ధతి ఎక్కడ కుదురుతుంది?

యజమాని ఒక్కరే ఉన్న పెద్ద పాత స్థలాల్లో. మూతపడ్డ మిల్లులు, పాత బస్ డిపోలు, రైల్వే గూడ్స్ యార్డులు, ఓడరేవుల గోదాములు. వరంగల్‌లో 1934 నాటి ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ భూమి ప్లాట్లుగానూ, ఆఫీసులకూ పోయింది. నడిఊళ్ళో అంత పెద్ద ముక్క మళ్ళీ దొరకదు. అమ్మకానికి ముందు పాతిక పేజీల పత్రం ఒకటి ఉండి, ఈ పొగగొట్టం ఉంచాలి, ఈ వీధి అటు పేటలోకి తెరుచుకోవాలి, ఇన్ని ఇళ్ళు తక్కువ అద్దెకివ్వాలి అని రాసుంటే, వేలం పాడేవాడు ఆ లెక్కతోనే పాడేవాడు. అమ్మేశాక రాస్తే ఎవరూ వినరు. కేంద్రం 2018లో అమృత్ అనే పట్టణాభివృద్ధి పథకం కింద 25 నగరాల్లో స్థానిక ప్రాంత ప్రణాళికలకు ప్రయోగాత్మకంగా డబ్బిచ్చింది కాబట్టి పద్ధతే లేదనడానికి లేదు.

మా వార్డుకు ఇలాంటి డ్రాఫ్ట్ వచ్చిందట. చదవడానికి ఏమీ అర్థం కావడం లేదు, ముందు ఏం చూడాలి?

ముందు పటం మూల చిన్న అక్షరాల్లో ఏ గీత తప్పనిసరి, ఏది ఊహాచిత్రం అన్నది చూడండి. పచ్చగా చెట్లు గీసినవన్నీ పార్కులు కావు. తర్వాత మీ వీధిని వెతకండి. పేరు లేకుండా ఖాళీగా చూపించారంటే దాన్ని కలిపేసే ఆలోచన ఉన్నట్టే. "వీలైనంతవరకు", "సాధ్యమైతే" అన్న మాటలు ఏ వాక్యాల్లో ఉన్నాయో గీత పెట్టుకోండి. ఇళ్ళు, బడి గురించిన వాక్యాల్లో అవి ఉండి, కట్టుబడి విస్తీర్ణం దగ్గర లేకపోతే బేరం ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. అద్దెకున్నవాళ్ళ ప్రస్తావన ఎక్కడైనా ఉందా, పని నడిచే కాలంలో దుకాణాలను ఎక్కడికి మారుస్తారో రాశారా చూడండి. అభ్యంతరం గడువులోపే, ఇంటి నంబరు వేసి, ఒక్కో పాయింటుకు ఒక్కో పేరా చొప్పున రాయండి. మున్సిపల్ ఆఫీసులో ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, "తర్వాత పంపిస్తాం, వెళ్ళండి" అన్నా సరే అక్కడి నుంచి కదలకండి.